పక్కన పెట్టిన కుర్చీ

మన మనసులో మాట మనకంటే ముందు ఫోనుకు తెలిసిపోతోందని గోల పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి వేస్తుంది. అయ్యా, మీ మనసులో ఏముందో కనుక్కోవాలని ఇంతకు ముందు ఎవరైనా ఇంత తాపత్రయపడ్డారా? కన్నవాళ్ళు పడ్డారా? కట్టుకున్నవాళ్ళు పడ్డారా? ఎక్కడో ఎవరో జీతాలిచ్చి మనుషుల్ని పెట్టుకుని, మీకు ఏ వాసన సబ్బు ఇష్టమో అదే పనిగా ఆలోచిస్తున్నారు. దీన్ని మీరు నిఘా అంటారా? నేను ఆప్యాయత అంటాను!

నేను కుర్చీలు అమ్ముకునేవాణ్ణి. గాలిలో మాటలు మాట్లాడే అలవాటు నాకు లేదు. ఏ మాటకైనా రాబడి ఎంత, పోబడి ఎంత అని చూసుకునే నోరు తెరుస్తాను. ఇప్పుడు ఆన్‌లైన్ ప్రకటనల పక్షాన మాట్లాడుతున్నానంటే, లెక్క చూసుకునే మాట్లాడుతున్నానని అర్థం.

మా కొట్టు పైన మేడ మీద పళ్ళ డాక్టరు ఉన్నాడు. ఆయన ఫోనులో ఒకనాడు ఇంకో పళ్ళ డాక్టరు ప్రకటన వచ్చింది. 'పన్ను నొప్పితో బాధపడుతున్నారా?' అని. ఆయన కోపం పట్టలేక పళ్ళు పటపట కొరికాడు. సాయంత్రానికి నిజంగానే నొప్పి మొదలైంది. ఇంత ముందుచూపు ఏ సోది చెప్పేవాళ్ళకుంది చెప్పండి?

మా బావమరిది బల్బు మార్చుకోవడానికి ఒక నిచ్చెన కొన్నాడు. ఆనాటి నుంచి ఫోను ఆయనకు నిచ్చెనలే చూపిస్తోంది. ఇనప నిచ్చెన, మడత నిచ్చెన, అగ్నిమాపక దళం వాళ్ళు వాడే నిచ్చెన. ఒకటి కొన్నవాడికి ఇంకోటి ఎందుకని ఆయన విసుక్కుంటాడు. నేను ఒకటే అడిగాను. 'బావా, నువ్వు పైకి రావాలని ఇంతగా కోరుకున్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?'

మా వీధి చివర సెలూన్ నడిపే ఆయనకు నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా ఫోను ఆయనకు రోజూ దువ్వెనలు చూపిస్తుంది. మనం వదులుకున్న ఆశను కూడా వదులుకోని స్నేహితుడంటే అదీ.

కాబట్టి ఫోనును ఆడిపోసుకోకండి. నా మాట వినండి. నాకు ఈ జ్ఞానం ఊరికే రాలేదు.

నిజం చెప్పాలంటే, కస్టమరు మనసు చదవడం నాకు ముందే వచ్చనుకునేవాణ్ణి. కుర్చీల కొట్టులో అదేమంత కష్టం కాదు. లోపలికి రాగానే కూర్చున్నవాడు కొనడు, వాడు ఎండకు తట్టుకోలేక వచ్చినవాడు. కుర్చీని బోర్లించి కాళ్ళ కింద చూసిన మనిషి కొంటుంది. భార్యను కూర్చోబెట్టి తాను నిలబడి చూసేవాడు రెండు కొంటాడు. కుర్చీని ఒక కాలి మీద నిలిపి ఊపి చూసేవాడు మాత్రం తాను కొనడు, పక్కవాణ్ణి కొననివ్వడు.

అన్నిటికంటే పెద్ద గుర్తు ఇంకొకటుంది. బేరం అంతా అయ్యాక, 'ఇది పక్కన పెట్టండి, మళ్ళీ వస్తాం' అంటారు. ఆ మాటకు అర్థం రామని. ముఖం మీద వద్దనడం మర్యాద కాదు గనక, పక్కన పెట్టమంటారు. మేమూ మర్యాద తెలిసినవాళ్ళం గనక, 'అలాగేనండి, మీ కోసమే ఉంచుతాం' అంటాం. వాళ్ళు మెట్లు దిగకముందే ఆ కుర్చీ మళ్ళీ వరసలోకి వెళ్ళిపోతుంది. అలా పక్కన పెట్టమన్నవన్నీ నిజంగా పెట్టి ఉంటే, కొట్టు నిండా కుర్చీలుండి నాకు నిలబడే చోటు కూడా ఉండేది కాదు.

ఇలా రోజులు గడుస్తుండగా ఒకనాడు మావాడు లెక్క తేల్చాడు.

"నాన్నా, జనం వీధిలోకి రావడం మానేశారు. మనమే వాళ్ళ ఫోనుల్లోకి వెళ్ళాలి. ఈ ఎండాకాలం దాటేలోపు ఆన్‌లైన్‌లో బేరాలు రాకపోతే, రెండో షట్టరు అద్దెకిచ్చేద్దాం. అడిగేవాడు ఉన్నాడు."

"ఎవడు?"

"ఫోన్లు బాగుచేసేవాడు."

మాది రెండు షట్టర్ల కొట్టు. మొదటిది మా నాన్న తెరిచాడు, రెండోది నేను తెరిచాను. నా బేరాలు ఎత్తుకుపోయిన ఫోను, వచ్చి నా షట్టరులోనే కాపురం పెడుతుందన్నమాట. అది చూస్తూ ఊరుకుంటానా? 'సరే, పద ఫోనులోకి' అన్నాను.

మరునాడే మావాడు ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. కస్టమర్లకు ఏం కావాలో కనిపెట్టి చెప్పడం అతని వృత్తి. అసలు పేరు ఏదో ఉంది గానీ, మాటకు ముందూ వెనకా డేటా అంటుంటాడు గనక డేటా బాబు అని పిలుచుకున్నాం. రాగానే కొట్టులో అన్నిటికంటే ఖరీదైన కుర్చీలో కూర్చుని గిరగిరా తిరిగాడు. కొనడని అప్పుడే తెలిసింది.

"అంకుల్, మీ కస్టమర్ ఎవరు?"

"డబ్బులిచ్చేవాడు."

"అలా కాదంకుల్. వాళ్ళకి ఏం కావాలి?"

"కుర్చీ."

అతను నావైపు జాలిగా చూశాడు. "కుర్చీ ఎవరికీ అక్కర్లేదంకుల్. జనానికి కావాల్సింది ఒక ఫీలింగ్."

"ఫీలింగ్ మీద కూర్చుంటే నడుం పట్టేయదా బాబూ?"

మావాడు నా భుజం గిల్లాడు.

మొదట నా చేత ఒక వీడియో తీయించారు. నేను ఒక కుర్చీ పక్కన నిలబడి, కెమెరా కళ్ళలోకి చూస్తూ, 'రండి, కూర్చోండి. మీకేం కావాలో నిదానంగా చెప్పండి. నేను వింటాను. తొందరేం లేదు' అనాలి. ఇంతే. ఈ నాలుగు ముక్కలకు పొద్దుట మొదలుపెడితే మధ్యాహ్నమైంది.

"అంకుల్, నవ్వండి. బాకీ అడుగుతున్నట్టుంది."

"నవ్వాను కదా."

"ప్రేమగా అంకుల్. ఇంట్లో ఆంటీతో ఎలా మాట్లాడతారు, అలా."

మావాడికి పొలమారింది. బయటికి వెళ్ళి దగ్గి వచ్చాడు.

మొత్తానికి కొట్టు పేరున ఆన్‌లైన్‌లో తెరిచిన పేజీలోకి వీడియో ఎక్కింది. కుర్చీల ఫోటోలు ఎక్కాయి. ప్రకటనలకు డబ్బు కట్టాం. బంధువులంతా బొటనవేళ్ళు చూపించారు. ఒకాయన 'సూపర్' అని రాశాడు, ఎవరా అని చూస్తే నాకు కుర్చీలు సరఫరా చేసే మనిషే. కొన్నవాడు ఒక్కడు లేడు.

కానీ డేటా బాబు మొహంలో వెలుగు తగ్గలేదు. ఒకనాడు ల్యాప్‌టాప్ తెరిచి, నిధి దొరికినవాడిలా గొంతు తగ్గించాడు.

"అంకుల్, దొరికింది. మన ఐడియల్ కస్టమర్."

ఒక స్త్రీ. యాభై దాటి ఉంటుందట. ఈ ఊళ్ళోనే, మన చుట్టుపక్కలే ఉంటుందట. రోజూ భోజనాలయ్యాక, గిన్నెలు కడుక్కునే వేళకు కాస్త అటూ ఇటూగా మన పేజీకి వస్తుందట. పాత మోడల్ ఫోను. పేరు మాత్రం కనిపించదట, అది వాళ్ళ సొంత విషయం గనక చట్టం ఒప్పుకోదట. సొంత విషయం కానివన్నీ మాత్రం కనిపిస్తాయి. ఎప్పుడు చూసింది, ఎంతసేపు చూసింది, ఎక్కడ వేలు ఆపింది.

"వీడియో కూడా చూస్తోంది అంకుల్. మీరు 'రండి, కూర్చోండి' అంటారే, అక్కడికి రాగానే వెనక్కి తిప్పుతోంది. మళ్ళీ చూస్తోంది. మళ్ళీ తిప్పుతోంది."

నేను మీసం సవరించుకున్నాను. ఏం, తప్పా?

"అన్నిటికంటే ముఖ్యం ఇది. ఒక కుర్చీని కార్ట్‌లో పెట్టుకుంది." కార్ట్ అంటే, కొందామనుకున్నవి వేసుకునే బుట్ట. "పెట్టి చాలా రోజులైంది. కొనడం లేదు, తీసెయ్యడం లేదు."

"అంటే కొనదు," అన్నాను. "పక్కన పెట్టమంది. నా అనుభవం నీకు తెలీదు."

"అది మీ కొట్టులో అంకుల్. ఆన్‌లైన్‌లో కార్ట్‌లో పెట్టారంటే, మనసులో పెట్టుకున్నారని."

ఏ కుర్చీ అని చూస్తే, కౌంటరు కుర్చీ. కొట్టుల్లో క్యాషియర్లు కూర్చుంటారే, ఎత్తుగా, వెనక ఆనుకోడానికి వీపు, కింద పాదాలు పెట్టుకోడానికి కడ్డీ. అది. యాభై దాటిన ఇల్లాలికి క్యాషియరు కుర్చీ ఎందుకు? ముగ్గురం తల పట్టుకున్నాం. చివరికి డేటా బాబే చిటిక వేశాడు.

"వ్యాపారం పెట్టబోతోంది! ఇంట్లో వాళ్ళకి చెప్పలేదు. భయపడుతోంది. మనం ధైర్యం చెప్పాలి."

నాకూ నిజమే అనిపించింది. మరుసటి వారం నుంచి మా ప్రకటనలన్నీ ఆ మహాతల్లి కోసమే తయారయ్యాయి. 'అమ్మా, మీ కలల వ్యాపారం ఈ రోజే మొదలుపెట్టండి.' 'గల్లాపెట్టె మీ ముందు, లోకం మీ వెనక.' కుర్చీతో పాటు బల్ల కొంటే బిల్లు పుస్తకం ఉచితం. ఆ వాక్యాల్లో సగం నేనే రాశాను. ఒక మనిషిని గురించి అంతగా ఆలోచించడం నా జన్మలో అదే మొదలు. ఆమెకు ఎరుపు నచ్చుతుందా, నీలమా? ఆమె మధ్యాహ్నం అలసిపోయి ఉంటుందా? ఆమెను నొప్పించకుండా ధర ఎలా చెప్పాలి? రెండో షట్టరు ఆవిడ చేతిలో ఉంది మరి!

ఆ రోజుల్లోనే ఒక పూట భోజనం దగ్గర మా ఆవిడ అంది, "ఎవరో నన్ను వ్యాపారం పెట్టమని రోజూ ఫోనులో బతిమాలుతున్నారండీ."

నేను అప్పుడు నీలమా, ఎరుపా అన్న ఆలోచనలో ఉన్నాను. "అలాంటివి నమ్మకు," అన్నాను. "ఫోనులో అంతా మోసగాళ్ళే. మంచిగా మాట్లాడేవాణ్ణి అసలు నమ్మకు."

"అవును, మంచిగానే మాట్లాడుతున్నాడు," అంది ఆవిడ. "అందుకే అనుమానం వచ్చింది."

ఎండాకాలం అయిపోవచ్చింది. ఫోన్లు బాగుచేసేవాడు ఒకసారి వచ్చి టేపు పెట్టి రెండో షట్టరు వెడల్పు కొలుచుకుని వెళ్ళాడు. ఇక లాభం లేదని డేటా బాబు ఆఖరి అస్త్రం తీశాడు. కార్ట్‌లో వదిలేసిన వాళ్ళకు నేరుగా మెసేజ్ వెళుతుందట, తగ్గింపుతో సహా. భోజనాలయ్యాక ఆవిడ ఫోను చేతిలోకి తీసుకునే వేళకు పంపుదామన్నాడు. నేను భోజనానికి ఇంటికి వెళుతూ, 'సరిగ్గా రెండు గంటలకు నొక్కండి' అని చెప్పి వెళ్ళాను.

మా ఇంటి గురించి ఒక మాట చెప్పాలి. కుర్చీల వ్యాపారి ఇంట్లో మంచి కుర్చీ ఉండకూడదు. ఇంట్లో ఉన్న మంచి కుర్చీ అమ్ముడుపోని సరుకుతో సమానం. అందుకని కొట్టులో చెయ్యి విరిగినవి, కాలు పొట్టిదైనవి, చిరిగినవి మా ఇంటికి వస్తాయి. ఏ కుర్చీలో ఏ వైపు ఒరిగి కూర్చోవాలో మా పిల్లలకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వంటగదిలోకి మాత్రం ఏ కుర్చీ రాలేదు. అక్కడ మా ఆవిడ రంగు డబ్బా ఒకటి బోర్లించి దాని మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంది. పొయ్యి దగ్గరికి లేచేటప్పుడు మోకాళ్ళు పట్టుకుని ఏదో అంటుంది. ఏమంటుందో తెలీదు, నా చెవులు కాస్త మందం.

భోజనమైంది. ఆవిడ గిన్నెలు కడుగుతోంది. అలమర మీద ఆవిడ ఫోను టింగుమంది. నేను వాడి పడేసిన పాత ఫోనే అది.

"చేతులు తడిగా ఉన్నాయి. ఎవరో చూడండి."

చూశాను. 'అమ్మగారూ, మీరు పక్కన పెట్టిన కుర్చీ ఇంకా మీ కోసమే ఉంది. ఈ రోజే తీసుకుంటే పది శాతం తగ్గింపు.'

"ఎవరండీ?"

"మేమే," అన్నాను.

మెసేజ్ ఇంకోసారి చదివాను.

"ఆ కౌంటరు కుర్చీ పక్కన పెట్టింది నువ్వా?"

"ఊఁ."

"నీకెందుకు?"

"నిలబడలేక. అది పొయ్యి ఎత్తుకు సరిపోతుంది. కాళ్ళు పెట్టుకోడానికి కడ్డీ కూడా ఉంది."

"నన్ను అడగొచ్చుగా?"

ఆవిడ గిన్నె బోర్లించింది. "అడిగాను. 'చూద్దాంలే' అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ 'చూద్దాంలే' అన్నారు. మీ కొట్టులో 'మళ్ళీ వస్తాం' అంటారని చెప్తారే, అలాంటిదేగా ఇది కూడా."

నేను మాట మార్చాను. వ్యాపారికి అది తెలియాలి. "మరి ఆ వీడియో తిప్పి తిప్పి చూడటం దేనికి? రోజూ ఇంట్లో కనపడే మొహమే కదా."

"మొహం అయితే మీదే. మాటలు ఎవరివా అని." చీర చెంగుకు చేతులు తుడుచుకుంది. "'ఏం కావాలో నిదానంగా చెప్పండి, నేను వింటాను' అంటున్నారుగా. అసలు మీరేనా, మీలాంటివాళ్ళు ఇంకెవరైనానా అని చూస్తున్నాను. ఇప్పటికీ తేలలేదు."

పాఠకులారా, ఇప్పుడు చెప్పండి. ఆన్‌లైన్ మార్కెటింగు వరం కాదా? నా కొట్టుకు నాలుగు వీధుల అవతల, నా ఇంటి వంటగదిలో, నా అన్నం వండుతున్న మనిషికి ఏం కావాలో, ఎండాకాలమంతా డబ్బు ఖర్చుపెట్టి, ఒక చదువుకున్న కుర్రాణ్ణి పెట్టుకుని, ల్యాప్‌టాప్ సాయంతో కనిపెట్టగలిగాను! ఆవిడే స్వయంగా చెప్పింది కదా అంటారేమో. చెప్పింది, ఊరికే చెప్పింది. ఊరికే వచ్చినదానికి విలువేముంది? ఇంట్లో మనిషి చెబితే అది సణుగుడు. అదే మాట ఫోను చెబితే డేటా!

సాయంత్రమే కుర్చీ పట్టుకొస్తానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "తగ్గింపు ఇచ్చారుగా, పద్ధతి ప్రకారం కొంటాను," అని ఫోనులోనే నొక్కి, ఇంటి ఖర్చులో మిగిల్చుకున్న డబ్బుతో కట్టింది. ఆన్‌లైన్‌లో మాకు వచ్చిన మొదటి బేరం అది. నేనే భుజాన వేసుకుని మోసుకొచ్చాను. ఆవిడ గుమ్మంలో నిలబడి ఓటీపీ చెప్పింది. తర్వాత కుర్చీని బోర్లించి కాళ్ళ కింద చూసింది. అప్పుడు తీసుకుంది.

మర్నాడు పేజీలో ఆవిడ అభిప్రాయం వచ్చింది. మూడు నక్షత్రాలు. 'కుర్చీ గట్టిది. వంటగదికి ఎత్తు సరిపోయింది. మోకాళ్ళకు హాయిగా ఉంది. తెచ్చిన మనిషి ఆయాసపడుతుంటే మంచినీళ్ళిచ్చాను. డెలివరీ మాత్రం బాగా ఆలస్యం. నేను అడిగినప్పుడు మా అబ్బాయి స్కూల్లో ఉన్నాడు, ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి.'

తీసేయమని నేను మొత్తుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది. ఒకరి నుంచి ఒకరికి అది ఊరంతా పాకింది. మూడో రోజు నుంచి ఆడవాళ్ళు రావడం మొదలైంది. ఫోనులోకి కాదు, కొట్టులోకే. కొందరు మొగుళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. 'ఆ ఆలస్యమైన కుర్చీ ఏదండీ?' అని అడిగారు. బోర్లించి చూశారు. కొన్నారు. వెంట వచ్చిన మగవాళ్ళు నన్ను చూసిన చూపు మాత్రం స్నేహంగా లేదు.

రెండో షట్టరు నిలబడింది. ఫోన్లు బాగుచేసేవాడు వచ్చి, కొలత వృథా అయిందని నిట్టూర్చి, వాళ్ళమ్మ కోసం ఒక కుర్చీ తీసుకెళ్ళాడు. డేటా బాబు ఇదంతా తన వ్యూహమేనని నమ్ముతున్నాడు. నేను కాదనలేదు. నమ్మకం కూడా ఒక ఫీలింగే కదా.

కథ ఇక్కడితో ఆపితే నాకు లాభంగా ఉండేది. కానీ నిన్న డేటా బాబు పరుగెత్తుకొచ్చాడు.

"అంకుల్, ఆ మేడమ్ మళ్ళీ వచ్చారు. అదే కుర్చీ, ఇంకొకటి కార్ట్‌లో పెట్టారు. ఎందుకై ఉంటుందో ఒక నెల స్టడీ చేద్దామా?"

"వద్దు నాయనా," అన్నాను. ఒకసారి కట్టిన ఫీజు చాలు. నేరుగా ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ ఎత్తు కుర్చీలో, కడ్డీ మీద పాదాలు పెట్టుకుని, గల్లాపెట్టె ముందు యజమానురాలిలా కూర్చుని ఉంది. వీడియోలో నేర్చుకున్న గొంతుతోనే అడిగాను.

"నీకేం కావాలో నిదానంగా చెప్పు. వింటాను. ఆ రెండో కుర్చీ ఎవరికి?"

ఆవిడ నావైపు చూసి నవ్వింది. బెండకాయలు, పీట, కత్తి మూడూ నావైపు జరిపింది.

"ఇవి తరిగేవాళ్ళకి."

కస్టమరు మనసు తెలుసుకోవడం ఇంత ప్రమాదమని డేటా బాబు ముందే చెప్పి ఉండాల్సింది. ప్రస్తుతానికి నేను రంగు డబ్బా మీద కూర్చుని తరుగుతున్నాను. కుర్చీ గురించి ఆవిడను అడిగితే, 'చూద్దాంలే' అంటోంది.